సారమ్మ ఎదురు

మా ఆయనను సారమ్మే చంపిందని రాజోలి సాలెవీధి మొత్తానికీ చెప్పినదాన్ని నేను. గుసగుసగా కాదు, నడివీధిలో జుట్టు విరబోసుకుని నిలబడి చెప్పాను. ఎవరూ కాదనలేదు. మా వీధిలో మొగుడు పోయినదాని మాటకు పదకొండు రోజుల దాకా విలువుంటుంది. పన్నెండో రోజు నుంచి దాని ముఖం కూడా ఎవరూ చూడరు.

అది ఎక్కడో యుద్ధం మొదలైన మరుసటి ఏడు. ఎవరి మీద ఎవరు కొట్లాడుతున్నారో మాకు తెలియదు గానీ, జర్మనీ రంగు డబ్బాలు రావడం ఆగిపోయిందని పట్టుకు రంగులు వేసే ఇబ్రహీం తిట్టుకునేవాడు. ఆషాఢంలో తుంగభద్రకు కొత్తనీళ్ళు వచ్చాయి. నీళ్ళ వెనకే గత్తర వచ్చింది. వాంతులూ విరేచనాలూ పట్టుకున్న మనిషి పొద్దున ఉంటే సాయంత్రానికి ఉండేవాడు కాదు. ముందు ఏటి ఒడ్డు గుడిసెల్లో మొదలైంది. మా వీధి దాకా రాలేదనే అనుకున్నాం.

మా ఆయన కురుమూర్తి ఆ రోజు గద్వాల పోవాలి. నేసిన చీరలు అనంతయ్య శెట్టి కొట్లో అప్పగించి, మేనమామ ఇంట్లో పది రోజులు ఉండి, గత్తర తగ్గాక రమ్మని నేనే చెప్పాను. నన్నూ బండి ఎక్కమన్నాడు. మగ్గం మీద సగం చీర ఉంది, ఇల్లు వదిలి రానన్నాను. తెల్లవారగానే మూట చంకన పెట్టుకుని గడప దాటాడు. అప్పుడే సందు మలుపులోంచి సారమ్మ గబగబా ఎదురొచ్చింది.

సారమ్మ నాకు వరసకు అత్త. ఇరవై ఏళ్ళకే మొగుడు పోయాడు. ఇంటింటికీ పోయి నూలుకు గంజి పెట్టి బతుకుతుంది. పాతికేళ్ళుగా ఎవరికీ ఎదురు పడకుండా గోడల వెంట, పెరటి దారుల్లో నడవడం అలవాటు చేసుకుంది. ఆ రోజు మాత్రం నడివీధిలోనే వచ్చింది.

"ఆగు, ఎదురు మంచిగ లేదు" అన్నాను.

"సారమ్మత్తనే గదనే. ఏమైతది?" అన్నాడు ఆయన. పోదామనే చూశాడు. నేనే చెయ్యి పట్టి లోపలికి లాగాను. కూర్చోబెట్టి, అపశకునం పోవడానికి చెంబెడు నీళ్ళు ఇచ్చాను. తాగాడు. సారమ్మ మా గడప ముందుకొచ్చి ఏదో అనబోయింది.

"నీ మొకం మండ! పొద్దు పొడవకముందే ఊరి మీద పడ్డవా?" అని నేను చేట విసిరాను. ఆమె నోరు మూసుకుని వెనక్కి తిరిగింది. బండివాడు కాసేపు చూసి తోలుకుపోయాడు. రేపు పోవచ్చులే అనుకున్నాం. రేపటికి ఆయనకు వాంతులు పట్టుకున్నాయి. ఎల్లుండికి లేడు.

కాటికి మోయడానికి నలుగురు దొరకలేదు. మా కులపోళ్ళంతా తలుపులు బిడాయించుకున్నారు. చిన్నప్పుడు ఆయనతో ఏట్లో ఈతలు కొట్టినవాళ్ళు కూడా కిటికీలోంచి చూసి తప్పుకున్నారు. చివరికి ఇబ్రహీం వచ్చాడు, ఇంకో ముగ్గురిని తిట్టి తీసుకొచ్చాడు. తానే ముందు భుజం పెట్టాడు. నాలుగో రోజుకు ఇబ్రహీం కూడా పోయాడు.

మాలో గాజులు తీయించే పని మొగుడు లేనిదే చెయ్యాలి. ఆ పనికి ఊళ్ళో అందరూ సారమ్మనే పిలుస్తారు. అప్పుడు మాత్రం ఆమె కావాలి. ఆమె పెరటి తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. "దాని చెయ్యి నా మీద పడొద్దు" అని అరిచి, నా చేతులు నేనే మగ్గం గుంజకేసి కొట్టుకున్నాను. గాజులు పగిలాయి, మణికట్టు కూడా తెగింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

పన్నెండో రోజు నుంచి నా సంగతి నాకు అర్థమైంది. బావికి పోతే బిందెలు పక్కకు జరిగేవి. ఎవరైనా ఊరికి బయలుదేరితే ముందు మా ఇంటి వైపు ఓ చూపు చూసేవాళ్ళు, నేను గడపలో ఉన్నానేమోనని. నిన్నటిదాకా నేనూ అట్లాగే చూసినదాన్ని, కాబట్టి వాళ్ళను తిట్టడానికి కూడా నోరు రాలేదు.

మగ్గం మీద చీర పది మూరల దగ్గర ఆగిపోయి ఉంది. మా చీరలకు నడుమంతా నూలు, అంచు పట్టు. అంచును విడిగా నేసి కుట్టరు, నేతలోనే కలుపుతారు. నూలు దారం మోసే నాడె ఒకరు విసిరితే పట్టు నాడె అవతల కూర్చున్న మనిషి విసరాలి. ఆ రెండు దారాలూ ఒకదాన్నొకటి పట్టుకుంటేనే అంచు నిలుస్తుంది. ఒంటి మనిషితో అయ్యే పని కాదు. పన్నెండేళ్ళు ఆయన ఇవతల కూర్చున్నాడు, నేను అవతల కూర్చున్నాను. పిల్లలు నిలవలేదు. మాకున్న సంసారమంతా ఆ మగ్గం గుంటలోనే జరిగింది. ఇప్పుడు ఇవతల నేను కూర్చోగలను. అవతల ఎవరు కూర్చుంటారు?

ఎదురింటి అలివేలమ్మను అడిగాను. "పిల్ల పెండ్లీడుకొచ్చింది వదినె. పొద్దుగాల్నే నీ ఎదురుంగ కూసుంటె ఎట్ల జెప్పు?" అంది. మొహమాటం కూడా పడలేదు. ఇంకో మూడిళ్ళలోనూ అదే జవాబు, మాటలే వేరు.

అనంతయ్య శెట్టి గద్వాల నుంచి వచ్చి పడుగును చేత్తో తడిమి చూశాడు. "మార్గశిరం ఎల్లేదాక సూస్త జములమ్మా. గంతలోపల చీర దించకుంటె పడుగు కోసుకపోయి ఇంకొకరికిస్త. మల్ల నీకు నూలియ్య."

"విధవ నేసిన చీర పెండ్లిపిల్లకు ఎవరు కొంటరు శెట్టీ?" అన్నాను కోపంగా.

"చీరకు నోరుంటదా? ఎవరు నేసిండ్రో అది జెప్తదా?" అని నవ్వి బండెక్కాడు. మా వీధిలో నాకు సమాధానంగా దొరికిన నిజం అదొక్కటే, అది కూడా వ్యాపారి నోటి నుంచి వచ్చింది.

ఆ వారంలోనే ఇబ్రహీం ఇంటికి పోయాను. మా ఆయనను మోసి చచ్చినవాడి పెళ్ళానికి ఓ మాట చెప్పకుండా ఎన్ని రోజులు ముఖం దాచుకోను? షాహెదాకు ఇరవై రెండేళ్ళు ఉంటాయి. తెల్లబట్టలో, బోసిచేతులతో పరదా వెనక కూర్చుని ఉంది. తోడుగా మేనత్త మజీదా వచ్చి ఉంది. వాళ్ళ ధర్మంలో మొగుడు పోతే ఇద్దత్ పట్టాలి, ఇల్లు దాటకూడదు, మగవాళ్ళ కంట పడకూడదు.

"ఎన్ని దినాలమ్మా?" అని అడిగాను.

"నాలుగు నెలల పది దినాలక్కా. మరి నీది?"

"నాది దినాల లెక్కల లేదు" అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుని పరదా లోపలికి లాక్కుంది. మా వాళ్ళు నా ముఖం చూడరు, ఆమె తన ముఖం ఎవరికీ చూపదు. ఇద్దరికీ కుదిరింది. మరుసటి రోజు నుంచి రాట్నం పట్టుకుని అక్కడికే పోయేదాన్ని. నేను కండెలు చుట్టేదాన్ని, ఆమె చిక్కులు విప్పేది. ఇబ్రహీం రంగు కుండలు ఓ మూల బోర్లించి ఉండేవి. ఒకరు ఏడుస్తుంటే ఇంకొకరు పని ఆపకుండా చేసుకుపోయేవాళ్ళం. ఊరుకోమని ఒక్కరోజు కూడా ఒకరికొకరు చెప్పుకోలేదు. నెల తిరగకముందే వాళ్ళింట్లో జొన్నరొట్టె తిన్నాను. కులం పోతుందని మా వీధిలో అన్నారట. నా కులం మా ఆయనను మోయడానికి నలుగురు రానినాడే పోయింది.

ఓ మధ్యాహ్నం సారమ్మ సంగతి చెప్పాను. వీధిలో చెప్పినట్టే చెప్పాను. ఎదురొచ్చింది, చంపింది అని. షాహెదా దారం చివర పళ్ళతో కొరికి నా వైపు చూసింది.

"సారమ్మ ఏం జేసిందక్కా? నడుసుకుంట వొచ్చింది. గంతే. ఆపింది నువ్వు గదా?"

నా ఒళ్ళు మండిపోయింది. రాట్నం అక్కడే వదిలేసి వచ్చాను. రెండు రోజులు పోలేదు. మూడో రోజు పోయాను, పౌరుషం చచ్చి కాదు, తట్టడానికి ఇంకో తలుపు లేక. పోయి, ఎవరికీ చెప్పని మాట ఆమెకు చెప్పాను. గత్తర నీళ్ళలో ఉంటుందని ఆయన పోయాక సూదులు వేసే దవాఖాన మనిషి వచ్చి చాటింపు వేయించాడు. అపశకునం పోవాలని ఆ పొద్దున నేను ఇచ్చిన చెంబు ఏటి నీళ్ళదే. బండి ఎక్కి ఉంటే ఆయన ఆ నీళ్ళు తాగేవాడు కాదు.

షాహెదా చిక్కు విప్పుతున్న దారం పక్కన పెట్టింది. తరవాత తల దించుకుని, "ఇబ్రహీంను నేనే పొమ్మన్ననక్కా" అంది. "కురుమూర్తన్నను ఎవ్వలు మోస్తలేరంట, నువ్వన్న పో, మనిషివి గాదా అని నేనే అన్న. ఆయన పోత పోత నా దిక్కు ఒక్కపారి సూసిండు."

ఆ మాట ఆమె నాకు ఎప్పుడో చెప్పి ఉండవచ్చు, 'నీ ఇంటికి వచ్చే నా మొగుడు పోయిండు' అని మీద పడి ఏడ్చి ఉండవచ్చు. అనలేదు. ఆ రోజు నుంచి ఆమె నాకు తోబుట్టువు కన్నా ఎక్కువైంది. మా అమ్మ పోయిన తరవాత ఇంకో మనిషిని అంతగా ప్రేమించానని నేను చెప్పుకోగలిగింది ఆ పిల్ల గురించే.

అవతల కూర్చునే మనిషి దొరికిందని అప్పుడే తోచింది. షాహెదా కూడా సరేనంది. వాళ్ళ వాకిట్లో రెండు గుంజలకు నూలు బిగించి నాడె విసరడం నేర్పాను. ఆమె వేళ్ళు చురుకు. రెండు నెలలకు పట్టుదారం నూలుదారాన్ని ఎక్కడ అందుకోవాలో చూడకుండానే తెలిసిపోయేది. "ఇద్దత్ ఒడిసిన మల్లనాడు పొద్దుగాల్నే వొచ్చి నీ మగ్గం కాడ కూసుంట అక్కా. ఇద్దరం బతుకుదం" అనేది. గోడ మీద బొగ్గుతో రోజుకొక గీత గీసేది. ఆ గీతలు పెరుగుతుంటే నాకు ధైర్యం పెరిగేది. ఆమె గీతలు అయిపోతే నావి కూడా అయిపోతాయని అనుకున్నాను. ఎంత పిచ్చిదాన్నో.

నాలుగో నెలలో ఆమె అన్న మౌలాలి వనపర్తి నుంచి రెండుసార్లు వచ్చి పోయాడు. చెల్లెలిని చూడటానికి వచ్చాడనుకున్నాను. నన్ను చూసి మర్యాదగా పక్కకు తప్పుకునేవాడు. ఆడవాళ్ళకు దారి ఇస్తున్నాడనుకున్నాను.

కార్తీకంలో ఇద్దత్ ముగిసింది. మరునాడు తెల్లవారకముందే లేచి మగ్గం గుంట ఊడ్చాను. నాలుగు నెలల దుమ్ము దులిపి, దీపం పెట్టి, రెండు నాడెల్లోనూ కండెలు వేసి కూర్చున్నాను. పొద్దు పొడిచింది. బారెడు ఎక్కింది. షాహెదా రాలేదు. జ్వరమేమోనని లేచి పోయాను.

వాకిట్లో మజీదా పసుపు దంచుతోంది. ఇంకో నలుగురు ఆడవాళ్ళు, నిండా గాజులు వేసుకున్నవాళ్ళు, చుట్టూ కూర్చుని ఉన్నారు. నేను ఎప్పటిలాగే పరదా ఎత్తబోతే మజీదా రోకలి వదిలి లేచింది.

"జర ఆగు బేటీ. ఈ దినం సుహాగన్లే లోపలికి పోవాలె."

మొగుడున్న ఆడవాళ్ళు అని. ఆ మాట నాకు తెలియక కాదు, నన్ను ఆపడానికి ఎవరో వాడగా వినడం అదే మొదటిసారి. అప్పుడు షాహెదా పరదా దాకా వచ్చింది. చేతులకు అప్పటికే పసుపు ఉంది. వనపర్తిలో పెళ్ళాం చచ్చిన దాణా వ్యాపారికి అన్న సంబంధం కుదిర్చాడు. శుక్రవారం నిఖా, అదే రోజు ప్రయాణం. నాకు చెప్పడానికి నోరు రాలేదంది.

"పెండ్లి జేసుకో. నేనేమన్న వద్దంటనా?" అన్నాను. నిజంగానే అన్నాను. ఆ వయసు పిల్ల నాలాగా మిగిలిపోవాలని నేను ఎందుకు కోరుకుంటాను? "ఒక్కపారి నిన్ను కండ్లార సూసి పోత, పరదా తియ్యి."

ఆమె పరదా తీయలేదు. రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. అటువైపు ఏడుస్తోందని తెలుస్తూనే ఉంది.

"ఒట్టి మాటలే అని నాకు తెల్సక్కా. నీకు జెప్పిందే నేను. గని భయమైతుంది. ఒకడు పోయిండు. ఈయనకు గూడ ఏమన్న అయితె, ఆ దినం జములక్క ఎదురొచ్చింది అనుకోకుంట ఉండలేను. నిన్ను గట్ల అనుకునుడు నాకు ఇష్టం లేదు. శుక్రారం బండి ఎల్లేటప్పుడు జర ఇంట్లనే ఉండక్కా. నీ కాల్మొక్త."

పోగొట్టుకోవడానికి ఏమీ లేనంతకాలం నా ముఖం ఆమెకు మంచిదే. మళ్ళీ ఓ మొగుడు రాబోతున్నాడు, ముఖం చెడ్డదైంది. ఆ మాటే ముఖం మీద అనేసి రావాలనిపించింది. కానీ పరదాను బిగించి పట్టుకున్న ఆ చెయ్యి నాకు తెలుసు. ఆషాఢంలో మా ఆయన చెయ్యి పట్టి లోపలికి లాగింది అట్లాంటి చెయ్యే. ఏమీ అనకుండా తిరిగి వచ్చాను.

శుక్రవారం ఇంట్లోనే ఉన్నాను. తలుపు వేసుకుని, దాని వెనకే నిలబడ్డాను. ఎద్దుల గజ్జెలు దగ్గరికి వచ్చాయి, మా గడప ముందు కాస్త నెమ్మదించినట్టు అనిపించింది, దాటిపోయాయి. కనీసం తలుపు సందులోంచైనా నేను తొంగి చూడలేదు. దాక్కోవడం ఎవరూ నేర్పకుండానే నాకు వచ్చేసింది.

బండి ఊరు దాటిందనుకున్నాక తలుపు తీసి, నేరుగా సారమ్మ గుడిసెకు పోయాను. ఎండలో నూలు సాగదీసి గంజి కుంచె ఆడిస్తోంది. నన్ను చూసి కుంచె ఆపలేదు.

"ఎవరి మొకం సూసి లేసిన్నో ఇయ్యాల" అంది.

ఆ దెబ్బ నాకు తగలాల్సిందే. నిలబడే చెప్పాను. మార్గశిరం వెళ్ళేలోపు చీర దించాలని, అవతల కూర్చునే మనిషి లేదని, ఆమె చిన్నప్పుడు ఆ పని చేసిందని విన్నానని. ఆమె అంతా విన్నది. పడుగు ఈ చివర నుంచి ఆ చివర దాకా గంజి పట్టించాక గానీ నోరు విప్పలేదు.

"ఆ తురకపిల్ల పోయింది. అలివేలమ్మ రానన్నది. గందుకని నేను యాదికొచ్చిన."

"ఔ" అన్నాను. అబద్ధం ఆడి లాభం లేదు.

"ఆ దినం నేను ఎందుకొచ్చిన్నో ఇన్నొద్దులల్ల ఒక్కపారన్న అడిగినవా?"

అడగలేదని తల అడ్డంగా ఊపాను.

"మూలింటి మాసయ్యకు తెల్లారంగ వాంతులు పట్టుకున్నయ్. గంజి కోసం పోయి నేనే సూసిన. గత్తర మన వాడకట్టుకొచ్చింది, బండి ఆపొద్దు, జములును గూడ ఎక్కించుకొని ఎంబటే పో అని నీ మొగనికి జెప్పనీకె ఉరికొచ్చిన. గోడలెంట పోతె బండి ఎల్లిపోతదని నడిబజార్ల ఉరికొచ్చిన. నువ్వు చేట ఇసిరినవ్."

అక్కడే మట్టిలో కూలబడ్డాను. ఏడుద్దామంటే, ఎవరి ముందు ఏడవాలి? క్షమించమని అడగడానికి కూడా ఓ యోగ్యత ఉండాలి. సారమ్మ దగ్గరికి రాలేదు, ఓదార్చలేదు. కుంచె కడిగింది, కుండ బోర్లించింది, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"వస్త" అంది.

తలెత్తి చూశాను.

"నీ మీద ప్రేమతోని, పావురంతోని గాదు. పాతికేండ్లాయె మగ్గం కాడ కూసోక. గని ఒక్క మాట. పెరటి దర్వాజకెల్లి రాను. నడిబజార్ల నడుసుకుంట వస్త. పొద్దు పొడవంగనే వొచ్చి తలుపు కొడ్త. నువ్వే తియ్యాలె. దినాం మొదలు నా మొకమే సూడాలె నువ్వు."

మరునాడు పొద్దున్నే తలుపు చప్పుడైంది. వీధిలో అప్పటికే రెండు తలుపులు తెరిచి, మళ్ళీ మూసుకున్న శబ్దం వినిపించింది. తీశాను. సారమ్మ వెంటనే లోపలికి రాలేదు. గడప అవతల నిలబడింది, ముసుగు వెనక్కి తోసుకుని. పన్నెండేళ్ళు ఒకే వీధిలో ఉన్నాం. ఎడమ కంట్లో పువ్వు వేసి ఉందని, పై పెదవి మీద పాత గాటు ఉందని నాకు తెలియదు. నేను చూపు దించుకోబోతే ఆమె కదలలేదు. మళ్ళీ చూశాను.

"సూసినవా?" అంది.

"సూసిన."

అప్పుడు గడప దాటి వచ్చి, మగ్గం గుంటలోకి దిగి, అవతల కూర్చుని, నాడె కోసం చెయ్యి చాచింది.